పొట్టి బారెల్ పిస్టల్‌కు ఎంత పొడవు, ఏ తూటా

నేను మొదట కొన్న ఏఆర్ పిస్టల్ (ఏఆర్-15 రైఫిల్ తరహా పొట్టి తుపాకీ) బారెల్ పొడవు 7.5 అంగుళాలు, కాలిబర్, అంటే తూటా కొలత, 5.56 మిల్లీమీటర్లు. డాలస్ శివార్లలో మేము వెళ్ళే షూటింగ్ రేంజ్‌లో ఒక శనివారం అది పదిహేను, ఇరవై తూటాలకు ఒకసారి ఆగిపోతూ వచ్చింది. ఆ రోజు ఇంటికి బయలుదేరే ముందు నేల మీద పడిన ఖాళీ ఇత్తడి కేసులను ఏరి బెంచీ మీద వరుసగా నిలబెట్టి చూశాను. అడుగున ఉండే అంచు, అంటే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం పట్టుకొని లాగే చోటు, కొన్నింటికి వంగిపోయి ఉంది. రెండింటికి ఆ అంచు చిన్న ముక్క లేచిపోయి, కొత్త ఇత్తడి పచ్చగా మెరుస్తోంది. తుపాకీ ఆ కేసును బయటకు లాగడం మొదలుపెట్టిన క్షణానికి అది ఇంకా లోపలి ఒత్తిడికి ఉబ్బి ఛాంబర్ (బారెల్ వెనుక తూటా కూర్చునే గూడు) గోడలను పట్టుకొనే ఉందని ఆ అంచులు చెబుతున్నాయి. నేను తూటాలు నింపే మ్యాగజైన్‌ను, నూనెను, తూటాల పెట్టెను అనుమానిస్తూ కూర్చున్నాను గాని, అసలు చిక్కు నేను ఎంచుకున్న పొడవుకూ తూటాకూ పొంతన లేకపోవడంలోనే ఉంది.

హ్యూస్టన్‌లో ఉండే మా బావగారు గత నెలలో ఫోన్ చేసి, తానూ ఒకటి కొనాలనుకుంటున్నానని చెప్పారు. “ఎంత చిన్నదైతే అంత మంచిది కదా బావా, ఇంట్లో పెట్టుకోవడానికే గదా” అన్నారు. “చిన్నదే తీసుకోండి బావగారూ, కానీ ముందు తూటా ఏదో తేల్చుకోండి, పొడవు దాని వెనకే వస్తుంది” అన్నాను. ఫోన్‌లో ఆ మాట సరిగా విడమరచలేకపోయాను కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

రాయబోయేదంతా అమెరికాకు సంబంధించిన విషయం. ఇక్కడి మన తెలుగువాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ముందుగా చెప్పాలి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీని గాని తూటాలను గాని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. రేంజ్‌లో గంట సేపు అద్దెకు తీసుకొని కాల్చడం కూడా చేతిలో ఉంచుకోవడం కిందికే వస్తుంది. గ్రీన్ కార్డు వచ్చాక ఆ అడ్డు తొలగుతుంది. నేను నా గ్రీన్ కార్డు చేతికి వచ్చేదాకా రేంజ్ గుమ్మం తొక్కలేదు. స్నేహితులు పిలిచారని సరదాగా వెళ్ళే కుర్రవాళ్ళు ఈ సంగతి తెలుసుకొని వెళ్ళాలని నా కోరిక.

ఇక ఈ రకం తుపాకీని పిస్టల్ అని ఎందుకు పిలుస్తారో కూడా చెప్పాలి, ఎందుకంటే చూపుకు అది రైఫిల్ లాగే ఉంటుంది. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం భుజానికి ఆనించి కాల్చేలా తయారైన రైఫిల్‌కు 16 అంగుళాల కంటే తక్కువ బారెల్ ఉంటే దానిని ప్రభుత్వం వద్ద ప్రత్యేకంగా నమోదు చేయించాలి. ఆ చట్టం ముసాయిదాలో మొదట మామూలు పిస్టళ్ళు, రివాల్వర్లు కూడా ఉండేవి. రైఫిల్‌ను కోసి పొట్టిది చేసి ఆ నిబంధనను తప్పించుకోకుండా పొట్టి రైఫిళ్ళను కూడా అందులో చేర్చారు. తరువాత పిస్టళ్ళను ముసాయిదా నుంచి తీసేశారు గాని పొట్టి రైఫిళ్ళ నిబంధన అలాగే మిగిలిపోయింది. అందువల్ల భుజానికి ఆనించే దిమ్మ లేకుండా, మొదటి నుంచీ పిస్టల్‌గానే తయారైన ఏఆర్‌కు ఎంత పొట్టి బారెల్ ఉన్నా అది పిస్టలే. 2012 ప్రాంతంలో ఒంటిచేత్తో పట్టుకోలేని వికలాంగుల కోసం ముంజేతికి కట్టుకొనే బ్రేస్ వచ్చాక ఈ పిస్టళ్ళు ఇంటింటికీ చేరాయి. బ్రేస్ ఉన్నవాటిలో చాలావాటిని పొట్టి రైఫిళ్ళుగా లెక్కించాలని తుపాకీల నియంత్రణ చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ 2023 జనవరిలో నిబంధన తెచ్చింది. దానిని టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు 2024 జూన్‌లో కొట్టివేసింది. మరోవైపు, పొట్టి రైఫిల్ నమోదుకు కట్టవలసిన 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. అయితే వేలిముద్రలు, ఫోటో, దరఖాస్తు, అనుమతి కోసం ఎదురుచూపు అలాగే ఉన్నాయి, నమోదైన పొట్టి రైఫిల్‌ను మరో రాష్ట్రానికి తీసుకువెళ్ళాలంటే ముందుగా అనుమతి కావాలి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్ వంటి రాష్ట్రాలలో నిబంధనలు చాలా కఠినం కనుక అక్కడి మనవాళ్ళు నా టెక్సస్ అనుభవాన్ని తమకు వర్తింపజేసుకోకూడదు.

మాటల విషయంలో ఒక చిన్న వివరణ. తూటా అంటే నా దృష్టిలో మొత్తం వస్తువు: ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, పైన గుండు. బారెల్ నుంచి బయటికి పోయేది గుండు మాత్రమే. గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. మన కంసాలులు గురిగింజతో తూచినట్టే వీళ్ళు ఒకప్పుడు బార్లీ గింజతో తూచారు. ఆ గింజ లెక్కే ఇప్పటికీ నిలిచింది, ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఏఆర్ తరహా తుపాకీ తన పని తాను ఎలా చేసుకుంటుందో తెలిస్తే పొడవు ఎందుకు ముఖ్యమో సగం అర్థమైపోతుంది. మందు మండి గుండును ముందుకు తోస్తున్నప్పుడు బారెల్ మధ్యలో ఉన్న ఒక చిన్న రంధ్రం, అంటే గ్యాస్ పోర్ట్, దగ్గర కొంత వాయువు పైకి మళ్ళి ఒక సన్నని గొట్టం గుండా వెనక్కి వచ్చి బోల్ట్‌ను, అంటే ఛాంబర్‌ను వెనుక నుంచి మూసి ఉంచే భాగాన్ని, తోస్తుంది. బోల్ట్ తాళం విప్పుకొని ఖాళీ కేసును లాగి పారేసి, వెనుక స్ప్రింగ్ నొక్కుకొని, తిరిగి వస్తూ మరో తూటాను ఛాంబర్‌లోకి తోస్తుంది. గుండు గ్యాస్ పోర్ట్‌ను దాటినప్పటి నుంచి బారెల్ మూతిని దాటేంత వరకూ మాత్రమే ఆ వాయువుకు ఒత్తిడి ఉంటుంది. గుండు బయటపడగానే సీసా బిరడా తీసినట్టు ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. ఆ కొద్దిపాటి వ్యవధిని ఇక్కడివాళ్ళు డ్వెల్ టైమ్ అంటారు. తుపాకీ నమ్మకంగా పనిచేయడం చాలావరకు ఈ వ్యవధి మీదే ఆధారపడి ఉంటుంది.

20 అంగుళాల ఎం16 రైఫిల్‌లో గ్యాస్ పోర్ట్ తరువాత మూతి దాకా దాదాపు 7 అంగుళాల బారెల్ మిగులుతుంది. 14.5 అంగుళాల ఎం4 లోనూ దాదాపు అంతే మిగులుతుంది. అదే 10.5 అంగుళాల బారెల్‌లో, కార్బైన్ పొడవు అనే పొట్టి రకం గ్యాస్ గొట్టంతో, పోర్ట్ తరువాత మిగిలేది 3 అంగుళాలే. గుండు అక్కడ సెకనుకు సుమారు 2,500 అడుగుల వేగంతో పోతోందనుకుంటే ఆ 3 అంగుళాలు దాటడానికి పట్టేది సెకనులో పదివేలవ వంతు. ఆ కాస్త సమయంలోనే బోల్ట్‌ను పూర్తి దూరం వెనక్కి పంపేంత తోపు రావాలి కాబట్టి తయారీదారులు పోర్ట్ రంధ్రాన్ని పెద్దది చేస్తారు. రంధ్రం పెద్దదైతే బలమైన తూటాలు కాల్చినప్పుడు బోల్ట్ అవసరానికి మించిన వేగంతో వెనక్కి పోతుంది, చిన్నదైతే బలహీనమైన తూటాలతో అసలు చాలినంత వెనక్కి రాదు. పొడవైన బారెల్‌లో ఈ రెంటి మధ్య వెసులుబాటు చాలా ఉంటుంది, పొట్టి బారెల్‌లో అది వెంట్రుకవాసి అవుతుంది.

ఇప్పుడు 10.5 పక్కన 11.5 అంగుళాల బారెల్‌ను పెట్టి చూడండి. మొత్తం పొడవులో పెరిగింది పదో వంతు కూడా కాదు, కానీ పోర్ట్ తరువాత మిగిలే భాగం 3 నుంచి 4 అంగుళాలకు పెరిగింది, అంటే మూడో వంతు ఎక్కువ. ఒక్క అంగుళానికి ఇంత ఫలితం వచ్చే చోటు ఈ తుపాకీలో ఇంకెక్కడా లేదు. ఈ పాఠం కొత్తది కూడా కాదు. వియత్నాం యుద్ధకాలంలో కోల్ట్ సంస్థ తయారు చేసిన పొట్టి కార్బైన్, ఎక్స్ఎం177, మొదట 10 అంగుళాల బారెల్‌తో వచ్చింది. 1967లో వచ్చిన ఎక్స్ఎం177ఈ2 రూపంలో దానిని 11.5 అంగుళాలకు పెంచారు, మూతి దగ్గరి మంట, మోత కూడా కొంత తగ్గాయి. ఆ తరువాత కోల్ట్ తయారు చేసిన పొట్టి కార్బైన్లు చాలావరకు ఆ 11.5 దగ్గరే ఉండిపోయాయి. అమెరికా నౌకాదళపు ప్రత్యేక దళాలకు 10.3 అంగుళాల ఎంకె18 ఇచ్చినప్పుడు గ్యాస్ పోర్ట్‌ను పెద్దది చేయవలసి వచ్చింది. ప్రత్యేక శిక్షణ, ఆయుధ నిపుణులు, అరిగిన భాగాలను లెక్కప్రకారం మార్చే ఏర్పాటు ఉన్నవాళ్ళ సంగతి వేరు. నెలకోసారి రేంజ్‌కు వెళ్ళే నాలాంటివాడికి ఆ ఏర్పాట్లేవీ లేవు.

మరి 7.5 అంగుళాలలో ఏమవుతుంది? గ్యాస్ గొట్టాన్ని పిస్టల్ పొడవుకు, అంటే దాదాపు 4.5 అంగుళాలకు, కుదించాలి. పోర్ట్ తరువాత మిగిలే భాగం అక్కడా 3 అంగుళాలే కదా, తేడా ఏమిటని నేనూ మొదట అనుకున్నాను. తేడా ఒత్తిడిలో ఉంది. ఛాంబర్‌కు అంత దగ్గరగా రంధ్రం పెడితే అక్కడ వాయువు ఇంకా ఉధృతంగా ఉంటుంది. బోల్ట్ మరింత ముందుగా, మరింత గట్టిగా తెరుచుకోవాలని చూస్తుంది. కేసు ఇంకా గోడలను వదలకముందే కొక్కెం దానిని లాగుతుంది. నా బెంచీ మీద చూసిన చిరిగిన అంచులు అవే. దానికితోడు బోల్ట్ అతి వేగంగా వెనక్కి పోయి ముందుకు రావడంతో, మ్యాగజైన్ స్ప్రింగ్ తరువాతి తూటాను పైకి తేవడానికి సమయం చాలక, బోల్ట్ దాని మీదుగా ఖాళీగా జారిపోతుంది. మామూలు 3 ఔన్సుల బఫర్ (బోల్ట్ వెనుక స్ప్రింగ్‌తో కదిలే బరువు) తీసేసి నాలుగున్నర ఔన్సులు దాటిన బరువైనది వేశాక నా తుపాకీ కొంత కుదుటపడింది, కానీ తక్కువ బలం ఉన్న చవక తూటాలతో మళ్ళీ మొండికేసింది. ఒక చివర సర్దితే మరో చివర ఊడిపోవడం అంటే ఇదే.

దానికి మించి బాధ కలిగించిన సంగతి మరొకటి ఉంది. 5.56 తూటా మొదటి నుంచీ 20 అంగుళాల బారెల్ కోసం రూపొందింది. దాని గుండు చిన్నది, 55 నుంచి 62 గ్రెయిన్లు. దాని సత్తువంతా వేగంలోనే ఉంది. 20 అంగుళాలలో సెకనుకు 3,100 అడుగులు దాటే ఆ గుండు 10.5 అంగుళాలలో సుమారు 2,700కూ, 7.5 అంగుళాలలో 2,300 ప్రాంతానికీ దిగిపోతుంది. మండని మందు, మండుతున్న వాయువు అంతా మూతి బయట నిప్పు బంతిగా కనిపిస్తుంది. ఇండోర్ రేంజ్‌లో నేను ఒక తూటా కాలిస్తే పక్క అర నుంచి ఒకాయన తల తిప్పి చూసేవారు. 140 డెసిబెల్స్ దాటిన పేలుడు శబ్దం చెవికి హాని చేస్తుందని అంటారు. 5.56 పేలుడు దానిని బాగా దాటుతుంది, బారెల్ పొట్టిదైతే ఇంకా ఎక్కువ. నేను చెవి లోపల బిరడాలు, పైన మఫ్‌లు రెండూ పెట్టుకోకుండా ఆ గదిలోకి అడుగుపెట్టను. అర్ధరాత్రి ఇంట్లో, చెవులకు ఏమీ లేకుండా, గోడల మధ్య అది ఒక్కసారి పేలితే ఏమవుతుందో బావగారు ఆలోచించుకోవాలి.

అంత పొట్టిదే కావాలంటే తూటా మార్చాలి. .300 బ్లాక్‌అవుట్ సరిగ్గా ఆ అవసరం కోసమే పుట్టింది. అడ్వాన్స్‌డ్ ఆర్మమెంట్ కార్పొరేషన్ రూపొందించిన ఈ తూటాకు అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ 2011 జనవరిలో ఆమోదం ఇచ్చింది. 5.56 కేసునే పొట్టిగా కోసి, మెడను 30 కాలిబర్‌కు, అంటే 0.30 అంగుళాల గుండుకు, వెడల్పు చేస్తే ఇది వస్తుంది. అందువల్ల అదే బోల్ట్, అదే మ్యాగజైన్ పనికొస్తాయి, మారేది బారెల్ ఒక్కటే. 5.56 లో దాదాపు 25 గ్రెయిన్ల మందు ఉంటే ఇందులో 20 లోపే, అదీ త్వరగా మండే రకం. దాదాపు 9 అంగుళాలు దాటేసరికి మందు తన పని చాలావరకు ముగించేస్తుంది. 125 గ్రెయిన్ల గుండు 16 అంగుళాలలో సెకనుకు సుమారు 2,200 అడుగులు పోతే 9 అంగుళాలలో 2,050 దగ్గర ఉంటుంది. పొడవులో దాదాపు సగం కోసేసినా పోయింది నూట యాభై అడుగులే. శక్తి లెక్క వేస్తే 9 అంగుళాల .300 మూతి దగ్గర 1,150 ఫుట్-పౌండ్లు దాటుతుంది. 7.5 అంగుళాల 5.56 650 దగ్గర ఆగిపోతుంది. నేను ఈ లెక్కను కాగితం మీద రెండుసార్లు వేసి చూసుకొని, మొదటి తుపాకీ కొనకముందే ఈ పని చేసి ఉండవలసిందని బాధపడ్డాను.

.300కు పిస్టల్ పొడవు గ్యాస్ గొట్టం సహజంగా సరిపోతుంది. మందు త్వరగా మండిపోవడం వల్ల పోర్ట్ దగ్గరికి వచ్చేసరికి ఉధృతి తగ్గి ఉంటుంది. ధ్వని వేగం కన్నా తక్కువగా, సెకనుకు 1,000 అడుగుల దగ్గర పోయే 190 నుంచి 220 గ్రెయిన్ల బరువు గుండ్లు కూడా ఇందులో దొరుకుతాయి. సైలెన్సర్ ఉన్నవారికి అవి బాగుంటాయి. అయితే వాటిలో మందు తక్కువ కనుక, సైలెన్సర్ లేనప్పుడు బోల్ట్ పూర్తి దూరం వెనక్కి వెళ్ళకపోవచ్చు. ఏ రకాన్ని ఎక్కువగా కాలుస్తారో దానితోనే పరీక్షించాలి. బరువు గుండు నిలకడగా తిరగడానికి బారెల్ లోపలి గాడుల మెలిక 8 అంగుళాలకు ఒక చుట్టు లేదా అంతకంటే బిగువుగా ఉండాలి. ధర మాత్రం 5.56 కంటే దాదాపు రెట్టింపు. ఎక్కువగా సాధన చేసేవారికి ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే సాధన లేని చేతిలో ఏ కాలిబరూ నమ్మదగినది కాదు.

.300 గురించి ఒక హెచ్చరిక తప్పనిసరి. ఆ తూటా 5.56 తుపాకీ మ్యాగజైన్‌లో ఇమిడిపోతుంది, కొన్ని గుండ్లతో ఛాంబర్‌లోకి కూడా వెళ్ళి బోల్ట్ మూసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే 30 కాలిబర్ గుండు 22 కాలిబర్ బారెల్‌లో దూరలేక తుపాకీ చేతుల్లోనే పగిలిపోతుంది. మొన్న మా వంటింటి బల్ల మీద రెండు మ్యాగజైన్లు పక్కపక్కన పెట్టి మా ఆవిడకు చూపించాను. ఎదురుగా చూస్తే రెండూ ఒకటే. పై తూటా మెడను దగ్గరగా చూస్తే తప్ప తేడా తెలియదు. ఆమె ఒక్క నిమిషం చూసి, “ఇవి ఒకే అలమారులో పెట్టవద్దండీ” అంది. అప్పటి నుంచి .300 మ్యాగజైన్లకు ఎర్ర టేపు చుట్టి, వేరే పెట్టెలో తాళం వేసి ఉంచుతున్నాము. రేంజ్‌కు ఒక రోజు ఒక కాలిబరే తీసుకువెళతాను. రెండూ ఒకే సంచిలో ఎన్నడూ పెట్టను.

మిగతా కాలిబర్ల గురించి క్లుప్తంగానే చెబుతాను. 9 ఎంఎం తూటాకు ఒత్తిడి తక్కువ, బారెల్ 8, 10 అంగుళాలు దాటాక పెద్దగా వేగం పెరగదు. హెక్లర్ అండ్ కోచ్ ఎంపి5 బారెల్ 8.9 అంగుళాలు ఉండటం కాకతాళీయం కాదు. తూటాలు చవక, మోత తక్కువ. ఇంట్లో ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు కూడా కాల్చాలనుకుంటే నేను దీనినే చెబుతాను. 7.62×39 పొట్టి బారెల్‌లో బాగానే పనిచేస్తుంది గాని, ఆ కేసు బాగా కోసుగా ఉండటం వల్ల మ్యాగజైన్ బాగా వంకరగా ఉండాలి. ఏఆర్ మ్యాగజైన్ గూడు నిటారుది. ఆ తూటా కావాలనుకుంటే ఏకే తరహా పిస్టల్ కొనడమే మేలు.

నమ్మకాన్ని పరీక్షించుకోవడం గురించి కూడా ఒక మాట. కొత్త తుపాకీతో మొదటి రోజే మూడు రకాల తూటాలు, కనీసం మూడు మ్యాగజైన్లు కాలుస్తాను. ఖాళీ కేసులు ఎటు పడుతున్నాయో చూస్తాను. ముందుకు గురిపెట్టిన దిక్కును గడియారంలో పన్నెండు అనుకుంటే, కేసులు మూడు, నాలుగు గంటల వైపు పడుతుంటే మంచిది. ఒకటి, రెండు గంటల వైపు ముందుకు ఎగురుతుంటే వాయువు ఎక్కువైనట్టు, అయిదు దాటి వెనక్కి జారుతుంటే తక్కువైనట్టు సాధారణంగా భావిస్తారు. ఒకే తూటా పెట్టి కాల్చి, బోల్ట్ వెనక్కి వెళ్ళి ఆగుతుందో లేదో చూడటం మరో తేలిక పరీక్ష. ఆగకపోతే బోల్ట్ పూర్తి దూరం పోవడం లేదని అర్థం. చివరగా కేసుల అంచులు చూస్తాను. ఒక అంచు వంగినా ఆ రోజుకు అక్కడే ఆపేస్తాను. ఇంకొక జాగ్రత్త: మొత్తం పొడవు 26 అంగుళాల కంటే తక్కువ ఉన్న పిస్టల్‌కు ముందు భాగంలో నిలువు పిడి బిగించకూడదు. అలా బిగిస్తే అది చట్టం దృష్టిలో నమోదు కావలసిన మరో వర్గంలోకి పోతుంది. దుకాణంలో ఆ పిడి ఎవరైనా అమ్ముతారు, బిగించిన తరువాత బాధ్యత మనదే.

నా 7.5 అంగుళాల బారెల్‌ను తీసేసి, 11.5 అంగుళాల 5.56 బారెల్ వేయించాను. గ్యాస్ గొట్టం కార్బైన్ పొడవు, బఫర్ కొంచెం బరువైనది. ఇప్పటికి ఆరు వందల తూటాలు కాల్చాను, ఒక్కసారి ఆగింది, అదీ తూటాను పట్టి ఉంచే పై అంచులు వంగిన పాత మ్యాగజైన్ వల్ల. బావగారి అవసరం వేరు: ఆయనకు ఇల్లు దాటి కాల్చే పని లేదు, పొట్టిదే కావాలి, సైలెన్సర్ కూడా కొనాలనుకుంటున్నారు. అందుకే ఆయనకు 9 అంగుళాల .300 బారెల్ తీసుకోమని చెప్పాను. వచ్చే నెలలో ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు రెండూ వేర్వేరు రోజుల్లో రేంజ్‌కు తీసుకువెళ్ళి, కేసులు ఏరి ఈ బెంచీ మీదే పక్కపక్కన నిలబెట్టి చూద్దామని అనుకున్నాము.